మీ అర్బాబు కారులో వింటున్నది ఏమిటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ‘అబుదాబిలో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్నాను. మా అర్బాబు, అంటే యజమాని, కారెక్కగానే ఒక రికార్డింగ్ పెట్టమంటాడు. సంగీతం ఉండదు. ఒక ముసలి గొంతు లాగి లాగి ఏదో చదువుతుంటుంది. ఆయన తల ఊపుతాడు, ఒక్కోసారి కళ్లు తుడుచుకుంటాడు. ఖురానా అని అడిగితే నవ్వి, కాదు, షిఅర్, అంటే కవిత్వం అన్నాడు. కవిత్వానికి లక్షల దిర్హమ్‌లు ఇచ్చే టీవీ పోటీ కూడా ఉందట. అందులో అంత ఏముంది? అరబ్బులకు కవిత్వమంటే అంత పిచ్చి ఎందుకు?’

తమ్ముడూ, మీ అర్బాబు వింటున్నది చాలావరకు నబతీ కవిత్వమే అయి ఉంటుంది. అంటే గల్ఫ్‌లో, సౌదీ నడిమధ్య ఉన్న నజ్ద్ ప్రాంతంలో జనం మాట్లాడుకునే బదూల (ఎడారి సంచార తెగల) యాసలో చెప్పే కవిత్వం. బడిలో నేర్పే అరబిక్‌లో ఉండదది. ఈ తేడా నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, మీ అబుదాబి ఎమిరేట్‌లోని అల్ ఐన్ ఊళ్లో. హైదరాబాద్‌లో అరబిక్ ఎం.ఏ. చేసి, ఇక నాకు రానిది లేదనే ధీమాతో అక్కడ ఒక టైపింగ్ ఆఫీసులో చేరాను. మొదటి నెలలోనే గాలి పోయింది. గిరాకీ లేనప్పుడు మా యజమాని రేడియోలో వినే కవిత్వం నాకు సగం కూడా ఎక్కేది కాదు. తర్వాత ఇరవై రెండేళ్లు అక్కడే అర్జీలు, ఒప్పంద పత్రాలు రాస్తూ బతికాను కాబట్టి కొంత పట్టుబడింది.

మీ ప్రశ్నకు నాకు మొదట జవాబు చెప్పింది ఒక ముసలాయన. ఒంటి మీద తెల్ల కందూరా (అక్కడి మగవాళ్ల పొడుగు అంగీ), చేతిలో సన్నటి బెత్తం, కొడుకు ఇంటి స్థలం కోసం అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. నేను మామూలు పద్ధతిలో రాసి, చదివి వినిపించాను. తల అడ్డంగా ఊపాడు. ‘అంతా బాగుంది, కానీ ఇందులో నేను లేను’ అన్నాడు. కళ్లు మూసుకుని ఎనిమిది బైతులు, అంటే పద్యపాదాలు చెప్పి, అవి కింద టైపు చెయ్యమన్నాడు. ఆఫీసు కాగితంలో పద్యాలేంటని నేను ముఖం పెడితే, మా యజమాని పక్క బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, ‘చెయ్యి. పైన నువ్వు రాసింది కాగితం. కింద ఉన్నదే అర్జీ’ అన్నాడు.

అరబ్బుల కవిత్వంలో నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి ఇదే. అక్కడ కవిత్వానికి పనులుంటాయి. అర్జీ పెడుతుంది, పరువు కాపాడుతుంది, పరువు తీస్తుంది, తగువు తీరుస్తుంది, చచ్చిపోయినవాణ్ణి మర్చిపోకుండా చూస్తుంది. ఎవరు, ఎక్కడ నిలబడి, ఎవరితో చెబుతున్నారన్నది తెలియకపోతే ఎంత గొప్ప పద్యమైనా మనకు ‘ఎడారి, ఒంటె, ప్రియురాలు’ లాగే వినిపిస్తుంది.

ఇస్లాం రాకముందు, అంటే 6వ శతాబ్దం నాటి అరేబియా ఎడారి తెగలను ఊహించుకోండి. రాజు లేడు, కోర్టు లేదు, పోలీసు లేడు. మనిషికి ఉన్న రక్షణ అంతా అతని తెగ. తెగకున్న రక్షణలో సగం కత్తి, సగం పేరు. ఫలానా తెగ జోలికి పోతే ఊరుకోరన్న పేరుంటే సగం గొడవలు రావు. ఆ పేరు నిలబెట్టేవాడు కవి. 11వ శతాబ్దంలో ఇప్పటి ట్యునీషియాలోని కైరవాన్‌లో ఉన్న ఇబ్న్ రషీక్ అనే పండితుడు రాశాడు: ఒక తెగలో కవి తయారైతే చుట్టుపక్కల తెగలు వచ్చి అభినందించేవట, విందులు చేసేవారట, పెళ్లిలో లాగా ఆడవాళ్లు వాద్యాలు వాయించేవారట. ఆ తెగలు మూడిటికే అలా అభినందనలు చెప్పుకునేవట. మగపిల్లాడు పుట్టడం, కవి తయారవడం, మేలు జాతి గుర్రం ఈనడం. కవిని ఏ లెక్కలో కట్టారో చూడండి.

పేరు ఎలా నిలబడేదో, ఎలా కూలేదో చెప్పడానికి రెండు కథలున్నాయి. అరబ్బు పెద్దలకు ఇవి నోటికి వచ్చు, మీ అర్బాబుకూ తెలిసే ఉంటాయి. ఒక తెగకు ‘ఒంటె ముక్కు’ అని పేరు. ఎవరైనా నువ్వు ఎవరివాడివని అడిగితే ఆ పేరు చెప్పలేక, తాతల పేర్లేవో చెప్పి తప్పించుకునేవారు. హుతైఆ అనే కవి వాళ్ల ఆతిథ్యం తిని ఒక బైత్ చెప్పాడు: వాళ్లు ముక్కు, మిగతావాళ్లు తోకలు, ఒంటె ముక్కునీ తోకనీ ఎవడు సమానం చేస్తాడు? అంతే. ఆ రోజు నుంచి ఆ తెగవాళ్లు అడగకపోయినా గొంతెత్తి పేరు చెప్పుకునేవారట. రెండోది దీనికి తిరగేసిన కథ. ఇరాక్‌లోని బస్రా ఊరి చివర మిర్‌బద్ అనే ఒంటెల సంత ఉండేది. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో, అంటే 7, 8 శతాబ్దాల్లో, జరీర్, ఫరజ్దఖ్ అనే ఇద్దరు కవులు అక్కడ నిలబడి ఏళ్ల తరబడి ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒకడు ఏ ఛందస్సులో, ఏ ప్రాసలో తిడితే రెండోవాడు అదే ఛందస్సులో, అదే ప్రాసలో తిరగ్గొట్టాలి. మధ్యలో నుమైర్ తెగకు చెందిన ఒక కవి ఫరజ్దఖ్ వైపు మాట్లాడాడు. జరీర్ రాత్రంతా కూర్చుని ఒక పద్యం కట్టి మర్నాడు సంతలో వదిలాడు. ‘నువ్వు నుమైర్ వాడివి, చూపు దించుకో’ అని మొదలయ్యే బైత్ అది. ఆ కవి ఒంటెనెక్కి సొంత వాళ్ల దగ్గరికి చేరేసరికి, బైత్ అతని కంటే ముందే అక్కడికి చేరిపోయిందట. తర్వాత ఆ తెగవాళ్లు తమ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారని చెబుతారు. ఇప్పటి వాట్సాప్ ఫార్వర్డ్‌కి అంత వేగం ఉందో లేదో నాకు అనుమానమే.

మనకూ ఇలాంటివి లేకపోలేదు. వేములవాడ భీమకవి తిడితే జరిగి తీరేదన్న కథలు చిన్నప్పుడు విన్నవాళ్లకు ఇది వింతగా ఉండదు. అరబిక్‌లో కవిని షాయిర్ అంటారు. మాట మూలాన్ని బట్టి చూస్తే, మామూలువాళ్లకు పట్టనిది పసిగట్టేవాడని అర్థం. కవి వెనక ఒక జిన్, అంటే కంటికి కనబడని భూతం, ఉండి పలికిస్తుందని పాతకాలం వాళ్లు నమ్మేవారు. అందుకే హిజా, అంటే తిట్టు కవిత్వం, శాపంతో సమానం.

హుతైఆ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఇది నాకు బాగా ఇష్టమైన కేసు. ఖలీఫా ఉమర్ రోజుల్లో అతను జిబ్రికాన్ అనే పెద్దమనిషి మీద ఒక బైత్ చెప్పాడు: ‘గొప్ప పనుల జోలికి పోకు, వాటికోసం ప్రయాణాలు పెట్టుకోకు. కూర్చో. తిండీ బట్టా దొరుకుతున్నాయి కదా.’ జిబ్రికాన్ వెళ్లి ఖలీఫా దగ్గర పరువునష్టం దావా వేశాడు. ఉమర్ విని, ఇందులో తిట్టేముంది, ఏదో మందలింపులా ఉందన్నాడు. అయినా తన మాట మీద తీర్పు చెప్పకుండా హస్సాన్ ఇబ్న్ సాబిత్ అనే కవిని పిలిపించి నిపుణుడి అభిప్రాయం అడిగాడు. తిట్టడం కాదు, అతని మీద మలవిసర్జన చేశాడని హస్సాన్ తేల్చాడు. ఉమర్ హుతైఆను గోతిలాంటి చెరసాలలో వేయించాడు. అక్కడి నుంచి హుతైఆ ఇంకో పద్యం పంపాడు. నీళ్లూ చెట్టూ లేని లోయలో ఇంకా ఈకలైనా సరిగా రాని నా పిల్లలున్నారు, వాళ్లకు తెచ్చిపెట్టేవాణ్ణి చీకటి గోతి అడుగున పడేశావు, వాళ్లకేం జవాబు చెబుతావు అని. ఉమర్ ఏడ్చాడు, విడిచిపెట్టాడు. ఊరికే కాదు, ఇక ఎవరినీ తిట్టకుండా ఉండేందుకు మూడు వేల దిర్హమ్‌లు ఇచ్చి జనం పరువును అతని దగ్గర కొన్నాడని కథ. జైలుకు పంపిందీ పద్యమే, బయటికి తెచ్చిందీ పద్యమే.

‘కవిత్వం అరబ్బుల దివాన్’ అని పాత సామెత ఉంది. దివాన్ అంటే ఇక్కడ లెక్కల పుస్తకం, రిజిస్టర్. పర్షియన్ నుంచి అరబిక్‌లోకి వెళ్లిన మాట అది. మన ‘దివాణం’ కూడా ఆ చుట్టమే. రాసుకునే అలవాటు తక్కువైన చోట ఎవరి తాత ఎవరు, ఏ బావి ఎవరిది, ఏ యుద్ధంలో ఎవరు పారిపోయారు అన్నవన్నీ పద్యాల్లోనే భద్రం. ఆ పద్యాలను మోసేవాడు రావీ. ప్రతి పెద్ద కవికీ పద్యాలన్నీ కంఠతా పట్టి చెప్పే ఒక రావీ ఉండేవాడు. తర్వాత చాలామంది రావీలే కవులయ్యేవారు. జుహైర్ అనే మహాకవికి మన హుతైఆ రావీ. అలా రెండు వందల ఏళ్లు నోటి మీద నడిచి, 8వ శతాబ్దంలో కాగితమెక్కిన కవిత్వం అది. నోటి మీద వచ్చిందంటే కల్తీ ఉండదా అనే అనుమానం సహజం. 1926లో ఈజిప్టు పండితుడు తాహా హుసేన్ ఈ మాటే గట్టిగా అంటే దేశం అట్టుడికింది. విచారణ దాకా వెళ్లింది. కాబా గోడకు బంగారు అక్షరాలతో వేలాడదీసిన ఏడు పద్యాలని ముఅల్లఖాత్ గురించి మీకు ఎవరైనా చెబితే, కథగా వినండి. చరిత్రకారుల్లో చాలామంది ఆ వేలాడదీయడాన్ని నమ్మరు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగానికి వస్తాను. మీకు ఛందస్సు ఆసక్తి లేకపోయినా రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ఒక పద్యపాదాన్ని అరబిక్‌లో బైత్ అంటారు. బైత్ అంటే ఇల్లు. బదూలకు ఇల్లంటే గుడారం. ఒక్కో బైత్‌లో రెండు సగాలుంటాయి, ఒక్కో సగం మిస్రా. అంటే రెండు రెక్కల తలుపులో ఒక రెక్క. ఇక సగంలో ఉండే గణాన్ని విడగొడితే వచ్చే చిన్న ముక్కల పేర్లు సబబ్, వతద్. సబబ్ అంటే తాడు, వతద్ అంటే గుంజ. గుంజ కదలకూడదు, తాడు కొంచెం వదులైనా ఫరవాలేదు. ఛందస్సులో కూడా అచ్చంగా అంతే. వతద్‌లో సాధారణంగా మార్పు ఒప్పుకోరు, సబబ్‌లో అక్షరం జారినా క్షమిస్తారు. ఈ శాస్త్రం మొత్తం కట్టినవాడు 8వ శతాబ్దంలో బస్రాలో ఉన్న ఖలీల్ ఇబ్న్ అహ్మద్, ఒమాన్ మూలాలున్నవాడు. కంచరి వీధిలో సుత్తి దెబ్బల లయ వింటూ కనిపెట్టాడని ఒక ముచ్చట. పదిహేను ఛందస్సులు చెప్పాడు, పదహారోది తర్వాత చేరింది.

ఇప్పుడు తమాషా చూడండి. ఇమ్రుల్ ఖైస్ అనే కవి ముఅల్లఖా మొదటి సగం ఇది: ‘కిఫా నబ్‌కి మిన్ ధిక్‌రా హబీబిన్ వ మన్‌జిలీ’. దీనికి మన పద్ధతిలో గురులఘువులు పెట్టండి. కి-ఫా-నబ్, లఘువు గురువు గురువు, అంటే య గణం. కి-మిన్-ధిక్-రా, య గణం మీద ఇంకో గురువు. హ-బీ-బిన్, మళ్లీ య గణం. వ-మన్-జి-లీ, జ గణం మీద ఒక గురువు. దీన్ని తవీల్ అంటారు, అంటే పొడవైనది. పాత అరబిక్ కవిత్వంలో ఎక్కువగా కనిపించే ఛందస్సు ఇదే. ఇంకా వినండి. ముతఖారిబ్ అని ఒకటుంది. దాని సగానికి నాలుగు య గణాలు. మన బడిలో చెప్పిన భుజంగప్రయాతం గుర్తుందా? అదీ పాదానికి నాలుగు య గణాలే. ఖలీల్ తర్వాత చేరిన ఆ పదహారోది ముతదారిక్, నాలుగు ర గణాలు. అదే మన స్రగ్విణి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వాదించకండి. గురువు, లఘువు తేడాతో నడిచే భాషలు రెండుంటే కొన్ని నడకలు కలవడం మామూలే. కానీ అల్ ఐన్‌లో ఒక రాత్రి ఇది కాగితం మీద వేసుకుని చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం వేరు. పరాయి ఊళ్లో మన మేనమామ పోలికల మనిషి కనిపించినట్టు.

తేడాలూ ఉన్నాయి. యతి లేదు. మన ప్రాస పాదంలో రెండో అక్షరం, వాళ్ల ఖాఫియా బైత్ చివర. పైగా పద్యం ఎన్ని బైతులున్నా, ఎనభై అయినా, ఒకే అక్షరంతో ముగియాలి. ఇమ్రుల్ ఖైస్ పద్యం మొత్తం ‘లీ’ మీదే నడుస్తుంది. వినేవాళ్లకు ఇది ఒక ఆట. బైత్ సగమయ్యేసరికి చివరి మాట ఏదో మజ్లిస్‌లో, అంటే నలుగురు కూడిన చోట, కూర్చున్నవాళ్లకు తట్టేస్తుంది, కవితో పాటు గొంతు కలుపుతారు. మీ అర్బాబు పెదాలు కదిలేది అక్కడే. గమనించండి.

ఆ మొదటి మాటల అర్థం ‘ఆగండి మీరిద్దరూ, ఏడుద్దాం, ఒక ప్రియురాలిని, ఒక విడిదిని తలచుకుని’. పాత కసీదాలు, అంటే దీర్ఘ పద్యాలు, ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి. కవి ఒంటె మీద పోతూ పాత విడిది జాడల దగ్గర ఆగుతాడు. మూడు రాళ్ల పొయ్యి, గుడారం చుట్టూ తవ్విన కాలువ, ఎండిన పెంటికలు. ఒకప్పుడు ఇక్కడ రెండు తెగలు వానాకాలపు గడ్డి కోసం పక్కపక్కనే దిగాయి. ఒక అమ్మాయి పరిచయమైంది. గడ్డి అయిపోయింది, ఎవరి దారిన వాళ్లు పోయారు. ఎడారిలో వీడ్కోలు అంటే చిరునామా లేని వీడ్కోలు. దీన్ని అత్‌లాల్ అంటారు, శిథిలాలు. ఆ తర్వాత కవి ఒంటెనెక్కి ప్రయాణం చెబుతాడు, చివరికి అసలు పని, అంటే పొగడ్తో, తిట్టో, సొంత తెగ గొప్పో చెబుతాడు. ముందు శ్రోతను కదిలించి తర్వాత సంగతి ఎత్తుకోవడం అన్నమాట. మన ముసలాయన అర్జీలో ఎనిమిది బైతులు కూడా అలాగే నడిచాయి. మొదటి రెండూ తన పాత ఈతచెట్ల తోట గురించి, ఇంటి స్థలం సంగతి ఆరో బైత్ దాకా రాలేదు.

పట్నాలు పెరిగాక ఈ ఏడుపు మీద విసుగూ వచ్చింది. బగ్దాద్‌లో వెలిగిన అబూ నువాస్, ఆ మూర్ఖుడు విడిది జాడల్ని అడుగుతూ నిలబడ్డాడు, నేను ఊళ్లో సారాయి దుకాణం ఎక్కడని అడుగుతున్నానని వెక్కిరించాడు. ఆ కాలంలో కవి తెగను వదిలి దర్బారుకు చేరాడు. పొగడ్తకు రేటు వచ్చింది. 10వ శతాబ్దపు ముతనబ్బీ అయితే అలెప్పో పాలకుడు సైఫుద్దౌలా ముందు నిలబడి చదవను, కూర్చునే చదువుతానని షరతు పెట్టాడంటారు. ఈజిప్టు వెళ్లి ఆశించిన పదవి దొరక్క అక్కడి పాలకుడు కాఫూర్‌ను దారుణంగా తిట్టాడు. చివరికి 965లో, తాను తిట్టిన ఒకడి బంధువుల చేతుల్లో దారిలో చచ్చాడు. అందులూసియాలో, అంటే అరబ్బులు ఏలిన స్పెయిన్‌లో, ముస్లింలు, యూదులు, క్రైస్తవులు కలిసి బతికిన ఊళ్లలో చరణాలు మారే పాటలాంటి మువష్షహ్ పుట్టింది. కొన్నిటికి చివరి పంక్తి అక్కడి ఆడవాళ్లు మాట్లాడే స్థానిక భాషలో ఉండేది. అదో పెద్ద కథ, ఇక్కడ వదిలేస్తున్నాను.

అయినా శిథిలాల ముందు ఏడవడం మాత్రం చావలేదు. 1966లో ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ పాడిన ‘అల్ అత్‌లాల్’ మీ అర్బాబు కారులో తప్పకుండా ఉంటుంది. అది ఇబ్రహీం నాజీ అనే ఈజిప్టు డాక్టరుగారి కవిత. పొయ్యి రాళ్లు లేవు, ఒంటె లేదు. కూలిపోయింది ప్రేమే. కానీ ఆ ఒక్క మాట వినగానే అరబిక్ తెలిసినవాడికి పద్నాలుగు వందల ఏళ్ల వెనక ఆగిన ఆ ఒంటె కనబడుతుంది.

ఇక నబతీ. ఫుస్హా అంటే వ్యాకరణం ప్రకారం మాట చివర విభక్తి అచ్చులన్నీ పలికే అరబిక్. మాట్లాడే యాసల్లో ఆ అచ్చులు ఎప్పుడో రాలిపోయాయి. రాలిపోయిన ఆ భాషలోనే పాత కసీదా పనులన్నీ చేస్తూ వచ్చింది నబతీ. 14వ శతాబ్దంలో చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ బదూల యాస కవిత్వాన్ని తన గ్రంథంలో ఎక్కించి, మన పండితులు దీన్ని చూసి ముక్కు మూసుకుంటారు, తప్పు వాళ్లదేనని రాశాడు. ఆ ముక్కు మూసుకోవడం ఇప్పటికీ ఉంది. నేనూ మూసుకున్నవాణ్ణే. మన దగ్గర జానపదాన్ని, యక్షగానాన్ని పండితులు చూసిన చూపే అది.

రెండిటినీ చెవితో గుర్తుపట్టే చిట్కా ఒకటి చెబుతాను. ఫుస్హా కసీదాలో మొదటి బైత్ దాటాక ప్రాస బైత్ చివరే వస్తుంది. నబతీలో సాధారణంగా రెండు ప్రాసలు నడుస్తాయి, మొదటి సగాల చివర ఒకటి, రెండో సగాల చివర ఇంకొకటి. ఇంకో గుర్తు, ఫుస్హాలో ‘ఖ’ లాగా గొంతు లోపలి నుంచి వచ్చే అక్షరం నబతీలో ‘గ’ అయిపోతుంది. ఖహ్వా కాదు, గహ్వా.

నబతీలో కూడా ఒక్కో రకం ఒక్కో పనికి. ఒంటెల మీద దూరం పోయేటప్పుడు నిద్ర రాకుండా, ఒంటెలకు నడక ఊపు వచ్చేలా పాడేది తగ్రూదా. ఏడు పంక్తులు దాటదు, ఒక జట్టు అంటే రెండో జట్టు తిరిగి అంటుంది. 2012లో యునెస్కో జాబితాకు ఎక్కింది. ఎమిరేట్స్ స్థాపకుడు షేక్ జాయద్ స్వయంగా నబతీ చెప్పేవాడు. పాలకుడికి పద్యం రాసి పంపితే పాలకుడు అదే ప్రాసలో జవాబివ్వడం అక్కడ వింత కాదు. ఇప్పుడు ఆ ముసలాయన పద్యం ఎందుకు టైపు చేయించాడో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి. పాతకాలంలో చచ్చిపోయినవాళ్ల కోసం ఏడ్చే కవిత్వం, రిసా, ఎక్కువగా ఆడవాళ్ల సొత్తు. 7వ శతాబ్దపు ఖన్సా తన అన్నదమ్ములు సఖ్ర్, ముఆవియాల కోసం చెప్పిన పద్యాలు ఇప్పటికీ బడిపిల్లలు చదువుతారు. ప్రతీకారం తీర్చుకోండని మగవాళ్లను పురిగొల్పే పని కూడా ఆ ఏడుపు చేసేదని మర్చిపోకూడదు. నబతీలో నేను విన్న పెద్ద పేరు ఊషా బింత్ ఖలీఫా అల్ సువైదీ (1920–2018). అల్ ఐన్‌లో పుట్టింది. ‘ఫతాత్ అల్ అరబ్’, అరబ్బుల ఆడబిడ్డ అంటారు. దుబాయ్ ఉమెన్స్ మ్యూజియంలో ఆమెకు ఒక విభాగమే ఉంది. సెలవు రోజు దేరా వైపు వెళితే చూసి రండి.

నాకు జరిగిన ఒక అవమానం కూడా చెప్పాలి. మా యజమాని బంధువుల పెళ్లికి సౌదీలో తాయిఫ్ దగ్గరికి వెళ్లాం. రాత్రి భోజనాలయ్యాక మైదానంలో రెండు వరసల మగవాళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో ఇద్దరు కవులు. దీన్ని ముహావరా అంటారు, ఖల్తా అని కూడా. ఒక కవి రెండు బైతులు అప్పటికప్పుడు చెబుతాడు. అతని వైపు వరస చప్పట్లు కొడుతూ ఆ పంక్తులే మళ్లీ మళ్లీ పాడుతుంది. ఆ పాట నడిచినంత సేపే రెండోవాడికి గడువు. అదే ఛందస్సు, అదే ప్రాస, పైగా మొదటివాడు మాటల వెనక దాచిన అర్థాన్ని పట్టుకుని జవాబివ్వాలి. దాచడాన్ని తాడు పేనడం అంటారు, పట్టుకోవడాన్ని తాడు విప్పడం. ఆ రాత్రి ఒక కవి ఒక బావి గురించి, నీళ్లు తోడే మోట తాడు గురించి చెప్పాడు. వర్ణన బాగుందని నేను గట్టిగా ‘అల్లా!’ అన్నాను. చుట్టూ నవ్వినవాడు లేడు. ఆ బావి నిజానికి ఆ రెండు కుటుంబాల మధ్య తెగిన ఒక సంబంధం. తాడు తెంపింది ఎవరో అందరికీ తెలుసు, నాకు తప్ప. రెండో కవి మాత్రం తాడు పాతదై తెగింది, ఎవరి చెయ్యీ కారణం కాదని విప్పాడు. అప్పుడు నవ్వారు, అప్పుడు చప్పట్లు కొట్టారు. మా అవధానంలో సమస్య ఇస్తారు, ఇదీ అలాంటిదే అని నేను యజమానికి చెబితే, ‘మీ అవధాని ఓడితే ఎవరి పరువు పోతుంది?’ అని అడిగాడు. అవధానిదే అన్నాను. ‘ఇక్కడ అతని వెనక నిలబడి చప్పట్లు కొట్టిన వరసంతటిదీ పోతుంది’ అన్నాడు.

యెమెన్ కొండల్లో ఇంకా సూటిగా ఉంటుంది. తగువు పడిన తెగ దగ్గరికి మధ్యవర్తులు వరసగా నడుస్తూ రెండు పంక్తుల జామిల్ పాడుతూ వస్తారు. అవతలివాళ్లు అదే ఛందస్సులో, అదే ప్రాసలో జవాబు పాడాకే మాటలు మొదలు. యెమెన్ అంటే మనకు మరీ దూరం అనుకోకండి. హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నవాళ్ల తాతలు నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లే. పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మర్ఫా డప్పుల వాద్యం ఆ సామానుతో వచ్చిందే. ఇంకొక సంగతి, హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ పాత అరబిక్ రాతప్రతులను అచ్చువేసింది. పాత కవిత్వంలోని కఠినమైన మాటలకు అర్థాలు చెప్పే ఇబ్న్ ఖుతైబా గ్రంథం 1949లో అక్కడే అచ్చయింది. మా యజమాని బీరువాలో ‘హైదరాబాద్ దక్కన్’ అని అచ్చుపడిన పుస్తకం కనిపించిన రోజు నా జీతం పెరగలేదు గానీ మర్యాద పెరిగింది.

టీవీ పోటీ గురించి అడిగారు కదా. మీ ఊళ్లోనే జరుగుతుంది, అల్ రాహా బీచ్ థియేటర్‌లో. పేరు ‘షాయిర్ అల్ మిలియన్’, 2006లో మొదలైంది, నబతీకి మాత్రమే. మొదటి బహుమతి ఇప్పుడు 50 లక్షల దిర్హమ్‌లు. గెలిచినవాడికి డబ్బుతో పాటు ఒక జెండా కూడా ఇస్తారు. ఫుస్హాకు 2007 నుంచి వేరే పోటీ ఉంది. జడ్జీల మార్కులకు తోడు జనం ఓట్లు కూడా ఉంటాయి కాబట్టి తెగలు తమ కవి కోసం ఓట్లు కూడగడతాయి. కవిత్వం చచ్చిపోయింది, ఇది తెగల క్రికెట్ మ్యాచ్ అని తిట్టేవాళ్లున్నారు. నాకైతే ఇది చాలా పాత పద్ధతే అనిపిస్తుంది. తాయిఫ్ దగ్గర ఉకాజ్ సంతలో ఎర్ర తోలు గుడారం వేసుకుని నాబిగా అనే కవి మిగతా కవులకు తీర్పులు చెప్పేవాడని కథలున్నాయి. అక్కడ కూడా వరసలో నిలబడినవాళ్లు తెగల తరఫునే నిలబడ్డారు. 2010లో హిస్సా హిలాల్ అనే సౌదీ గృహిణి ముఖం కప్పుకుని వేదికెక్కి, నోటికొచ్చినట్టు ఫత్వాలిచ్చే మతపెద్దల మీద పద్యం చెప్పింది. ఆమెకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. మూడో స్థానం, 30 లక్షల దిర్హమ్‌లు కూడా వచ్చాయి. అదే పద్యం పత్రికలో వ్యాసంగా రాసి ఉంటే ఎంతమంది చదివేవారు?

పద్యానికి బలం ఉన్నచోట భయం కూడా ఉంటుంది. ఖతర్ కవి ముహమ్మద్ అల్ అజమీకి ఒక పద్యం వల్ల 2012లో యావజ్జీవ శిక్ష పడింది, తర్వాత 15 ఏళ్లకు తగ్గించారు, 2016లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు. కాబట్టి అర్థం తెలియని అరబిక్ పద్యం ఫోన్‌లోకి వస్తే ఎవరికీ పంపకండి. ఇది కవిత్వం మీద మాట కాదు, అన్నలాంటివాడి సలహా.

రేపు కారులో రికార్డింగ్ ఆగినప్పుడు మీ అర్బాబును రెండే ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు చెప్పింది, ఎవరికి చెప్పింది? ‘అర్థమేంటి’ అని అడిగితే ఒక్క మాటలో తేల్చేస్తారు. ‘ఎవరికి’ అని అడిగితే కథ మొదలుపెడతారు, దుబాయ్ వచ్చేదాకా ఆగరు. ఒకవేళ ఆయనే సొంతంగా నాలుగు బైతులు చెబితే, చప్పట్లు కొట్టకండి. ‘సహ్ లిసానక్’ అనండి, నీ నాలుక చల్లగా ఉండాలని. ఆయన వెంటనే ‘సహ్ బదనక్’ అంటాడు, నీ ఒళ్లు చల్లగా ఉండాలని. అన్నాక వెనక్కి తిరిగి ఆయన ముఖం చూడాలనిపిస్తుంది, కానీ మీరు స్టీరింగ్ మీద ఉంటారు కదా, అద్దంలో చూడండి.